గ్యాలరీ మాట, సెలక్టర్ల జాబితా

భారతదేశంలో టెస్టు జట్టును ఎంపిక చేసే అధికారం మొదటి నుంచీ క్రికెట్ బోర్డు నియమించిన సెలక్షన్ కమిటీదే అయినప్పటికీ, 1945 నుంచి 1985 వరకు గడిచిన నాలుగు దశాబ్దాల్లో ఆ కమిటీ ఖరారు చేసిన పేర్లను టికెట్టు కొన్న ప్రేక్షకులు నిలదీయడమే గాక, కొన్ని సందర్భాల్లో మార్పించగలిగారు కూడా. ఒక ఆటగాడు నిలకడగా పరుగులు చేస్తున్నాడా, వికెట్లు పడగొడుతున్నాడా, లేక వరసగా తడబడుతున్నాడా అన్న స్థితిని క్రికెట్ పరిభాషలో ఫామ్ అంటారు. దానిని తేల్చడానికి సెలక్టర్లు ఇటీవలి అంకెలను చూస్తే, ప్రేక్షకులు ఆ ఆటగాడు తమకు ఏనాడో ఇచ్చిన ఆనందాన్ని కూడా లెక్కలో వేసుకున్నారు. ఈ రెండు లెక్కలూ కుదరని చోట పుట్టిన తగాదాల్లో ఎవరి మాట నెగ్గిందన్నది, ఆటను నడిపే డబ్బు ఏ కాలంలో ఎవరి జేబులోంచి వచ్చిందన్న దానిపై చాలావరకు ఆధారపడింది.

తొలి దశలో ఆ డబ్బు సంస్థానాధీశులది. 1932లో భారత జట్టు తొలి టెస్టు ఆడడానికి ఇంగ్లండు వెళ్లినప్పుడు నాయకత్వం పోరుబందరు మహారాజుకు, ఉపనాయకత్వం లింబ్డీ రాజకుటుంబీకుడు ఘనశ్యామ్‌సింహ్‌జీకి అప్పగించారు. పోరుబందరు మహారాజు తన ఆట స్థాయిని తానే గుర్తించి పక్కకు తప్పుకోవడం, ఘనశ్యామ్‌సింహ్‌జీ గాయపడడం వల్లనే లార్డ్స్ మైదానంలో ఆ చారిత్రక బాధ్యత సి.కె.నాయుడికి దక్కింది. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన నాయుడు అప్పటికే దేశమంతటా ప్రజల మనిషి. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసిన నాటి నుంచి ఆయన బ్యాటింగుకు దిగుతున్నాడంటే జనం మైదానానికి తరలివచ్చేవారు. అయినా 1936 పర్యటనకు నాయకుణ్ణి ఎన్నుకునేటప్పుడు ఈ ప్రజాదరణ ఎందుకూ కొరగాలేదు. విజయనగరం రాజకుటుంబానికి చెందిన పూసపాటి విజయానంద గజపతిరాజు, క్రికెట్ లోకం విజ్జీ అని పిలిచిన వ్యక్తి, బోర్డు రాజకీయాల్లో తనకున్న పలుకుబడితో ఆ పదవిని పొందాడు. ఆ పర్యటనలో ఆడిన మూడు టెస్టుల్లో ఆయన చేసిన మొత్తం పరుగులు 33. భారత్ తరఫున తొలి టెస్టు శతకవీరుడైన లాలా అమర్‌నాథ్‌ను, పర్యటనలో అద్భుతంగా రాణిస్తున్న సమయంలోనే, క్రమశిక్షణ పేరుతో మొదటి టెస్టుకు ముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. తరువాత బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ ఆధ్వర్యంలో జరిగిన విచారణ అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చి, విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది గాని, పోయిన టెస్టులు తిరిగి రాలేదు. అమర్‌నాథ్ మళ్లీ టెస్టు ఆడింది 1946లో. నాయకుడూ తెలుగువాడే, ఆ నాయకత్వం కింద నలిగిన మేటి ఆటగాడు నాయుడూ తెలుగువాడే అయిన ఈ ఘట్టంలో అభిమానులు పత్రికలు చదివి బాధపడడం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది.

ఆ పరిస్థితిని మార్చిన శక్తి బొంబాయి పెంటాంగ్యులర్ పోటీల్లో తయారైంది. హిందువులు, ముస్లింలు, పార్సీలు, యూరోపియన్లు, మిగిలినవారు అన్న విభజనతో మత ప్రాతిపదికన జరిగిన ఆ పోటీలను జాతీయోద్యమ నాయకులు అనేకులు తప్పుపట్టారు, 1946 నాటికి అవి ఆగిపోయాయి కూడా. ఐతే వేల సంఖ్యలో టికెట్టు కొని, ఒక్కొక్క ఆటగాడి పేరు పెట్టి అరిచి, ఓడినవారిని నిలదీసే ప్రేక్షకవర్గం ఆ పోటీల్లోనే పెరిగింది. 1937లో బొంబాయిలో బ్రాబోర్న్ స్టేడియం వెలిశాక రాజు ఇచ్చే విరాళం కంటే గేటు వసూలు, అంటే ప్రవేశ టికెట్ల మీద వచ్చే రాబడి, నిర్వాహకులకు ముఖ్యమవుతూ వచ్చింది.

ఈ కొత్త బలం తొలిసారి స్పష్టంగా కనిపించింది 1945లో కలకత్తాలో. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఇంటికి తిరుగు ప్రయాణంలో ఉన్న ఆస్ట్రేలియా సైనిక జట్టు, లిండ్సే హాసెట్ నాయకత్వంలో, భారత్‌లో మూడు అనధికార టెస్టులు ఆడింది. ఇరు దేశాల బోర్డులు గుర్తించిన రికార్డుల్లో చేరని పోటీలను అలా అంటారు. ఈడెన్ గార్డెన్స్‌లో జరగాల్సిన పోటీకి ప్రకటించిన జట్టులో సయ్యద్ ముష్తాక్ అలీ పేరు లేదు. ఇందోర్‌లో సి.కె.నాయుడి చేతికింద ఆట నేర్చుకుని, 1936లో మాంచెస్టర్‌లో విజయ్ మర్చంట్‌తో కలిసి తొలి వికెట్టుకు 203 పరుగులు జోడించి, విదేశీగడ్డపై భారత్ తరఫున టెస్టు శతకం (112) చేసిన తొలి ఆటగాడిగా నిలిచిన ముష్తాక్, పుస్తకంలో ఉన్న పద్ధతులను పట్టించుకోకుండా ముందుకు దూకి కొట్టే ఆటతో కలకత్తా జనానికి ప్రాణమైపోయాడు. ఆయనను పక్కనపెట్టిన వార్త తెలియగానే అభిమానులు సెలక్షన్ కమిటీ పెద్ద దులీప్‌సింహ్‌జీని చుట్టుముట్టి, ముష్తాక్ లేనిదే టెస్టు లేదని నినదించారు. ముష్తాక్ ఆ టెస్టులోనే ఆడాడు. ఇంగ్లండు తరఫున ఆడి పేరు గడించిన రాజవంశీకుడు వీధిలోని జనం మాటకు తలొగ్గిన ఈ సంఘటన, విజ్జీ నాయకుడైన తొమ్మిదేళ్లకే జరిగిందంటే మార్పు ఎంత వేగంగా వచ్చిందో అర్థమవుతుంది. ఆ నినాదం ఆటగాడి పేరు మాత్రం మార్చుకుంటూ మరో నలభయ్యేళ్లు బతికింది.

నినాదం ఫలించడానికి కారణం ఆ కాలపు ఆర్థిక ఏర్పాటులో ఉంది. టెస్టుకు ఆతిథ్యమిచ్చే స్థానిక సంఘం బోర్డుకు చెల్లించవలసిన సొమ్ము చెల్లించి, మిగిలిన గేటు వసూలుతో ఏడాది పొడవునా తన కార్యకలాపాలు నడుపుకునేది. ఐదు రోజులూ గ్యాలరీలు నిండితేనే సంఘానికి మనుగడ. అందువల్ల టెస్టు జరగనివ్వమన్న బెదిరింపు నేరుగా టికెట్టు కిటికీకి తగిలేది. దీనికి తోడు దేశాన్ని దక్షిణ, పశ్చిమ, ఉత్తర, తూర్పు, మధ్య జోన్లుగా విడగొట్టి ఒక్కొక్క జోను నుంచి ఒక్కొక్క సెలక్టరును తీసుకునే పద్ధతి ఉండడంతో, ప్రతి ఎంపిక వెనుకా జోన్ల మధ్య ఇచ్చిపుచ్చుకునే బేరం ఉందని జనం అనుమానించారు. హైదరాబాదు, ఆంధ్ర జట్లు మద్రాసు, మైసూరులతో కలిసి దక్షిణ జోనులో ఉండేవి; తమ ఆటగాడికి అన్యాయం జరిగిందన్న ఫిర్యాదు ఈ ప్రాంతంలోనూ తరతరాలుగా వినిపించినదే.

ప్రేక్షకుల అభిమానం ఎంత బలమైనదో అంత క్రూరంగా కూడా మారగలదని చూపే ఉదంతం హైదరాబాదు ఆటగాడు అబ్బాస్ అలీ బేగ్‌ది. 1959లో భారత జట్టు ఇంగ్లండు పర్యటనలో ఉండగా విజయ్ మంజ్రేకర్ గాయపడడంతో, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న బేగ్‌ను జట్టులోకి పిలిచారు. ఇరవై ఏళ్ల ఆ యువకుడు మాంచెస్టర్‌లో తన తొలి టెస్టులోనే 112 పరుగులు చేశాడు. 1960 జనవరిలో బ్రాబోర్న్ స్టేడియంలో ఆస్ట్రేలియాపై రెండు ఇన్నింగ్స్‌లలోనూ అర్ధశతకాలు సాధించగా, ఆట మధ్యలో ఒక యువతి మైదానంలోకి పరుగెత్తుకొచ్చి అతని చెంపపై ముద్దు పెట్టింది. దేశమంతా ముచ్చటగా చెప్పుకున్న ఆ దృశ్యం దశాబ్దాల తరువాత సల్మాన్ రష్దీ నవలలో ఒక చిత్రపటంగా ప్రత్యక్షమైంది.

ఏడాది తిరగకముందే పాకిస్తాన్ జట్టు ఫజల్ మహమూద్ నాయకత్వంలో భారత్‌కు వచ్చింది. ఐదుకు ఐదు టెస్టులూ డ్రాగా ముగిసిన ఆ నిస్సారమైన సిరీస్‌లో మొదటి మూడు టెస్టులు ఆడిన బేగ్ నాలుగు ఇన్నింగ్స్‌లలో కలిపి 34 పరుగులే చేయగలిగాడు. ఫామ్ కోల్పోవడం ప్రతి బ్యాట్స్‌మన్‌కూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. ఆ సిరీస్‌లో తడబడిన హిందూ ఆటగాళ్లను కూడా జనం విమర్శించారు. బేగ్‌కు మాత్రం, మతం ఒక్కటి కావడం వల్ల కావాలనే పాకిస్తాన్‌పై సరిగ్గా ఆడలేదని నిందిస్తూ ఉత్తరాలు వచ్చాయి. మిగిలిన రెండు టెస్టుల్లో అతడు లేడు, ఆ తరువాత టెస్టు జట్టులో మళ్లీ కనిపించింది 1966-67లో వెస్టిండీస్‌పై, అదీ రెండే పోటీలకు. చెంపపై ముద్దూ, ద్వేషం నింపిన ఉత్తరాలూ ఒకే ప్రేక్షకలోకం నుంచి ఒకే ఏడాదిలో వచ్చాయన్న సంగతిని భారత క్రికెట్ చరిత్ర రాసేవారు మరుగున పడనీయకూడదు. పరుగుల పట్టికలోని వైఫల్యాన్ని దేశభక్తి పరీక్షగా మార్చే దురలవాటుకు ఇంత తొలినాటి, ఇంత స్పష్టమైన ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం, ఆ పరీక్షకు గురైన వ్యక్తి తప్పు అందులో రవ్వంత కూడా లేదు.

1969 సంవత్సరం ఈ చరిత్రలో ప్రత్యేకమైనది. ఆ ఏడాది అక్టోబరులో, తెలంగాణ ఉద్యమంతో నగరం అట్టుడికిన నెలల వెంటనే, హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో న్యూజిలాండ్‌తో టెస్టు జరిగింది. పర్యాటక జట్టు 181 పరుగులకే ఆలౌట్ కాగా, మూడో రోజు భారత బ్యాటింగు అంతకంటే ఘోరంగా కూలి 9 వికెట్లకు 49 పరుగుల దగ్గర నిలిచింది. చివరి జంట వెంకటరాఘవన్, బిషన్ సింగ్ బేడీ ఓపికగా నిలబడి మరో 40 పరుగులు చేర్చి స్కోరును 89కి చేర్చారు. ఆ రోజు ఆట ముగిసే వేళ వారిని అభినందించాలని మైదానంలోకి పరుగెత్తిన ఒక కుర్రవాడిని పోలీసులు కొట్టడం, అతని ఒంటి మీద నెత్తురు గ్యాలరీలకు కనిపించడంతో అప్పటిదాకా జట్టు మీదున్న కోపం పోలీసుల మీదికి మళ్లింది. కుర్చీలు విరిగాయి, మంటలు లేచాయి. చివరి రోజు 268 పరుగుల లక్ష్యంతో దిగిన భారత్ 7 వికెట్లకు 76 పరుగుల వద్ద ఉండగా వాన కురిసింది. వాన వెలిశాక నీరు తోడే సిబ్బంది నిదానంగా కదులుతుంటే, న్యూజిలాండ్ నాయకుడు గ్రాహమ్ డౌలింగ్, అతని సహచరులు బూట్లు విప్పి తామే మైదానం ఆరబెట్టడానికి పూనుకున్నారు. ఆట మళ్లీ మొదలుకాలేదు, భారత్ ఓటమి తప్పించుకుంది. అలాంటి డ్రా హైదరాబాదు ప్రేక్షకులకు గర్వకారణమేమీ కాలేదు.

నెల తిరగకుండానే ఆస్ట్రేలియాతో బొంబాయి టెస్టుకు ప్రకటించిన జట్టులో వెంకటరాఘవన్‌కు చోటు దక్కలేదు. అభిమానులు, పత్రికలు ఒక్కపెట్టున విరుచుకుపడగా, బెంగాలు ఫాస్ట్ బౌలరు సుబ్రత గుహ తాను తప్పుకుని వెంకట్‌కు దారి ఇచ్చాడు. అదే పోటీ నాలుగో రోజున, భారత్ రెండో ఇన్నింగ్స్ కుప్పకూలుతున్న వేళ, వెంకట్‌ను వికెట్ కీపర్ క్యాచ్‌గా అంపైరు ఔట్ ప్రకటించాడు. బంతి బ్యాటుకు తగలలేదని రేడియో వ్యాఖ్యాత చెప్పిన మాట గ్యాలరీల్లో చేతిచేతికీ ఉన్న ట్రాన్సిస్టర్ల ద్వారా క్షణాల్లో పాకిపోయి, సీసాలు ఎగిరాయి, షామియానాలు, కుర్చీలు తగలబడ్డాయి. పట్టుబట్టి జట్టులో చేర్పించుకున్న ఆటగాడికి అన్యాయం జరిగిందన్న భావన ఆ మంటకు కారణాల్లో ఒకటని చెప్పడం సమంజసమే. డిసెంబరులో కలకత్తా టెస్టు నాలుగో రోజు ఉదయం రోజువారీ టికెట్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు మరణించారు. టెస్టు టికెట్టు కోసం ప్రాణాలు పోయేంత ఆరాటం ఉన్న కాలంలో, ఆ టికెట్టు కొన్నవాడు జట్టులో ఎవరుండాలో చెప్పే హక్కు తనకుందని భావించాడంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

నినాదానికి నిలువెత్తు రూపం సలీం దురానీ. అర్జున పురస్కారం అందుకున్న తొలి క్రికెటర్ అయిన ఈ ఎడమచేతి ఆల్‌రౌండరు, ప్రేక్షకులు ఏ వైపు నుంచి సిక్సర్ అడిగితే ఆ వైపే కొట్టేవాడని పేరు పొందాడు. 1972-73లో ఇంగ్లండుపై కలకత్తాలో అర్ధశతకం చేసి భారత విజయానికి తోడ్పడిన దురానీని కాన్పూరు టెస్టుకు తప్పించగానే, దురానీ లేనిదే టెస్టు లేదన్న నినాదం గోడలెక్కింది. బొంబాయి టెస్టుకు అతణ్ణి తిరిగి తీసుకున్నారు, మొదటి ఇన్నింగ్స్‌లో 73 పరుగులతో అతడు ఆ నమ్మకాన్ని నిలబెట్టాడు. అదే అతని చివరి టెస్టు కావడం వల్ల, జనం కోరి రప్పించుకున్న ఆట జనం ముందే ముగిసినట్లయింది.

ఈ ఆదరణకు అవతలి ముఖాన్ని 1974లో అజిత్ వాడేకర్ చూశాడు. సెలక్షన్ కమిటీ అధ్యక్షుడిగా విజయ్ మర్చంట్ తన నిర్ణాయక ఓటుతో, అంటే ఇరుపక్షాలూ సమానమైనప్పుడు అధ్యక్షుడికి ఉండే అదనపు ఓటుతో, 1971లో అప్పటిదాకా నాయకుడైన పటౌడీని కాదని వాడేకర్‌ను నాయకుణ్ణి చేశాడు. అదే ఏడాది ఓవల్ మైదానంలో హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబిద్ అలీ కొట్టిన ఫోరుతో భారత్ ఇంగ్లండులో తొలి సిరీస్ గెలిచింది. ఆ ఆనందానికి గుర్తుగా ఇందోర్‌లో విజయ్ బల్లా పేరిట భారీ కాంక్రీటు బ్యాటును నిలిపారు. మూడేళ్లకు అదే నాయకుడి కింద లార్డ్స్‌లో 42 పరుగులకు ఆలౌటై సిరీస్ 0-3తో పోగొట్టుకోగానే ఆ స్మారకాన్ని జనం పాడుచేశారు, బొంబాయిలో వాడేకర్ ఇంటిపై రాళ్లు పడ్డాయి. పశ్చిమ జోను జట్టులో సైతం చోటు పోవడంతో అతడు ఆటకు స్వస్తి చెప్పాడు. దేశానికి అపూర్వ విజయాలు తెచ్చిన నాయకుణ్ణి ఇలా సాగనంపడం ఏ విధంగా చూసినా అన్యాయమే.

1984 డిసెంబరులో ఇంగ్లండుతో ఢిల్లీ టెస్టు చివరి రోజున, డ్రా కోసం నిలబడవలసిన వేళ కపిల్‌దేవ్, సందీప్ పాటిల్ భారీ షాట్లకు ప్రయత్నించి ఔటవడం, భారత్ ఓడిపోవడంతో సెలక్టర్లు ఇద్దరిపైనా వేటు వేశారు. వరసగా 66 టెస్టులు ఆడిన, ఏడాదిన్నర కిందటే ప్రపంచకప్పు తెచ్చిన కపిల్‌ను శిక్షించాలన్న నిర్ణయంలో క్రమశిక్షణ దృష్ట్యా కొంత న్యాయముంది. కాని తరువాతి పోటీ కలకత్తాలో కావడం వల్ల ఆ నిర్ణయానికి మూల్యం నాయకుడు సునీల్ గవాస్కర్ చెల్లించాడు. అంతకు ముందటి ఏడాది అదే మైదానంలో వెస్టిండీస్‌పై తొలి బంతికే ఔటై ఈసడింపులు ఎదుర్కొన్న గవాస్కర్‌కు ఈసారి కపిల్ లేనిదే టెస్టు లేదన్న రాతలు స్వాగతం పలికాయి. ఇన్నింగ్స్‌ను తమంతట తాము ముగించినట్లు ప్రకటించడాన్ని డిక్లేర్ చేయడం అంటారు. గవాస్కర్ నాలుగో రోజు దాకా డిక్లేర్ చేయకుండా 7 వికెట్లకు 437 వరకు లాగడంతో విసుగెత్తిన జనం పండ్లు విసిరారు, ఇంగ్లండు బౌలరు ఫిల్ ఎడ్మండ్స్ ఫీల్డింగులో నిలబడి వార్తాపత్రిక తెరిచాడు.

ఆ గొడవల నడుమనే హైదరాబాదు యువకుడు మహమ్మద్ అజహరుద్దీన్ తొలి టెస్టు ఆడాడు. కపిల్ కోసం అరుస్తున్న గ్యాలరీల ముందు, రవిశాస్త్రితో కలిసి ఐదో వికెట్టుకు 214 పరుగులు జోడించి 110 పరుగులు చేశాడు. తరువాత మద్రాసులోనూ, కాన్పూరులోనూ శతకాలు కొట్టి తొలి మూడు టెస్టుల్లో మూడు శతకాలు చేసిన ఏకైక ఆటగాడయ్యాడు. ఎంపికపై ఆగ్రహించిన ప్రేక్షకులు ఆ ఎంపిక తెచ్చిన కొత్త ప్రతిభను గుర్తించి చప్పట్లు కొట్టారన్నది వారి క్రికెట్ జ్ఞానానికి దక్కవలసిన గౌరవం. కపిల్ మద్రాసులో తిరిగి వచ్చాడు, తాను ఆడిన 131 టెస్టుల ప్రస్థానంలో కోల్పోయింది ఆ ఒక్కటే. ఈడెన్ గార్డెన్స్‌లో ఇక ఆడనన్న పట్టుదలతో గవాస్కర్ 1987లో పాకిస్తాన్‌తో టెస్టుకు దూరంగా ఉన్నాడు, దానితో వరసగా 106 టెస్టులు ఆడిన అతని పరంపర తెగిపోయింది.

ఆ తరువాత నినాదం పదును తగ్గింది. అంతవరకు ప్రసారానికి దూరదర్శన్‌కు ఎదురు సొమ్ము చెల్లించుకున్న బోర్డు, 1993లో ఇంగ్లండు సిరీస్ ప్రసార హక్కులను ప్రైవేటు సంస్థకు అమ్మింది. ప్రసార తరంగాలు ప్రభుత్వ గుత్తసొత్తు కావని బెంగాలు క్రికెట్ సంఘం కేసులో 1995లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక టీవీ రాబడి ముందు గేటు వసూలు చిన్నదైపోయింది. ఖాళీ గ్యాలరీల ముందు కూడా టెస్టు లాభంతో జరగగల రోజులు వచ్చాక, టెస్టు జరగనివ్వమన్న మాటకు బరువు ఎక్కడిది? 2005 డిసెంబరులో సౌరవ్ గంగూలీని తప్పించినప్పుడు కలకత్తాలో కోచ్ గ్రెగ్ చాపెల్, సెలక్షన్ కమిటీ అధ్యక్షుడు కిరణ్ మోరేల దిష్టిబొమ్మలు తగలబడ్డాయి. పాకిస్తాన్ పర్యటనకు అతణ్ణి తీసుకున్నా, అది ముగియగానే మళ్లీ పక్కనపెట్టారు; 2006 డిసెంబరులో జొహానెస్‌బర్గ్‌లో అతడు తిరిగి రావడానికి ఊరేగింపుల కంటే విదేశీ పిచ్‌లపై మిగతావారి తడబాటే ఎక్కువ దోహదం చేసింది. అదే 2006 మార్చిలో 21 బంతుల్లో ఒక్క పరుగు చేసి ఔటైన సచిన్ తెందూల్కర్‌ను సొంత ఊరి వాంఖడే ప్రేక్షకులే ఈసడించారు, జట్టులో అతని స్థానానికి దానివల్ల వచ్చిన లోటేమీ లేదు. 2016లో గుంటూరుకు చెందిన ఎం.ఎస్.కె.ప్రసాద్ అధ్యక్షతన ఏర్పడిన ఐదుగురి కమిటీలో అందరూ కలిసి ఆడిన టెస్టులు 13 మాత్రమేనన్న విమర్శ దేశమంతటా వినిపించినా, ప్రసాద్ 2020 దాకా ఆ పదవిలో కొనసాగాడు.

వి.వి.ఎస్.లక్ష్మణ్ నిష్క్రమణను ఈ నేపథ్యంలోనే చూడాలి. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో 281 పరుగులతో ఓడిపోతున్న టెస్టును గెలిపించిన లక్ష్మణ్, 2011-12 ఆస్ట్రేలియా పర్యటనలో ఎనిమిది ఇన్నింగ్స్‌లలో 155 పరుగులకే పరిమితమయ్యాడు. ఇంగ్లండులోనూ, ఆస్ట్రేలియాలోనూ 0-4తో ఓడిన జట్టులో పెద్దవాళ్లు తప్పుకోవాలన్న వాదన బలపడింది, ద్రావిడ్ ఆ మార్చిలోనే విరమించాడు. సెలక్టర్లు మాత్రం న్యూజిలాండ్ సిరీస్‌కు లక్ష్మణ్‌ను ఎంపిక చేశారు, మొదటి టెస్టు 2012 ఆగస్టు 23న హైదరాబాదులోని ఉప్పల్‌లో. సొంత ఊరి ప్రేక్షకుల ముందు ఆడి వీడ్కోలు తీసుకునే అవకాశం చేతిలో ఉండగానే, ఐదు రోజుల ముందు, ఆగస్టు 18న, తక్షణమే ఆట నుంచి తప్పుకుంటున్నట్లు అతడు ప్రకటించాడు. 134 టెస్టుల్లో 8,781 పరుగులు చేసిన ఆటగాడు ఎందుకింత హఠాత్తుగా వెళ్లిపోయాడని, నాయకుడు ధోనీతో, సెలక్టర్లతో ఏం జరిగిందని హైదరాబాదులో వారాల తరబడి వాదోపవాదాలు సాగాయి. ఫామ్ గురించి సెలక్టర్లు తేల్చని లెక్కను, అభిమానులు అంగీకరించలేని లెక్కను, లక్ష్మణ్ తానే తేల్చుకున్నాడు. ఉప్పల్ టెస్టులో చతేశ్వర్ పుజారా 159 పరుగులు చేయగా, భారత్ ఇన్నింగ్స్ మీద 115 పరుగుల తేడాతో గెలిచింది.